సింహం తిరగని నేల మీద నరసింహుడు

తెలుగులో పిల్లి ఉంది, పులి ఉంది, చిరుత ఉంది. సింహం దగ్గరికి వచ్చేసరికి మనకు సొంత మాట లేదు. ‘సింహం’ సంస్కృతం. ‘సింగం’ అదే మాట ప్రాకృతం దారిలో అరిగి వచ్చిన రూపం. సామెతలు చూసినా అంతే. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటుంది, పిల్లి శాపాలకు ఉట్లు తెగవు, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. సింహం మీద అలా నోటికొచ్చే సామెత ఒక్కటి చెప్పమంటే నాకైతే చప్పున తట్టలేదు. ఇక ఊళ్లు. పులిచింతల, పులివెందుల అనగానే చెవిలో పులి వినిపిస్తుంది. సింహాచలం, సింగరాయకొండ కూడా ఉన్నాయి గదా అంటారేమో. ఆ పేర్లు జంతువు వల్ల వచ్చినవి కావు, దేవుడి వల్ల వచ్చినవి.

దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆసియా సింహం ఒకప్పుడు పశ్చిమాసియా నుంచి ఉత్తర భారతం దాకా తిరిగింది. నర్మద దాటి దక్షిణానికి వచ్చిందనడానికి గట్టి ఆధారం లేదు. ఇవాళ అది మిగిలింది గుజరాత్‌లోని గిర్ అడవుల్లోనూ, వాటి చుట్టుపక్కలా మాత్రమే. 2025 లెక్కల్లో 891 తేలాయి. మరి సింహం అడుగే పడని నేల మీద అహోబిలం, సింహాచలం, యాదగిరిగుట్ట, మంగళగిరి, ధర్మపురి, కదిరి, అంతర్వేది అంటూ ఇన్ని నరసింహ క్షేత్రాలు ఎలా వెలిశాయి? పులులు తిరిగే చోట నరవ్యాఘ్రుడు కదా పుట్టాల్సింది?

ఈ తీగ పట్టుకుని లాగితే ప్రపంచ పురాణాల్లోని పిల్లిజాతి డొంక అంతా కదులుతుంది.

ముందు మనకు దొరికిన పాత సాక్ష్యాలు చూద్దాం. సింధు నాగరికత ముద్రల మీద పులి ఉంది, ఏనుగు ఉంది, ఖడ్గమృగం ఉంది. సింహం లేదు. మొహెంజొదారో ముద్ర ఒకదాని మీద ఒక మనిషి రెండు చేతులతో అటొక పులినీ ఇటొక పులినీ నిలువరిస్తూ కనిపిస్తాడు. అచ్చం ఇలాంటి బొమ్మే మెసొపొటేమియాలోనూ, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలోనూ ఉంది. అక్కడ ఆ మనిషికి రెండు వైపులా ఉన్నవి సింహాలు. బొమ్మ ఊహ ఒకటే, జంతువు మాత్రం ఎవరి అడవిది వాళ్లదే. తర్వాత ఋగ్వేదానికి వస్తే లెక్క తలకిందులవుతుంది. అందులో సింహం గర్జిస్తుంది, పులి పేరే వినిపించదు. పులి అథర్వవేదంలో కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్న దాని మీద సోషల్ మీడియాలో రోజూ కొట్టుకుంటారు. మనకిక్కడ ఆ గొడవ అక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుంటే చాలు: పురాణంలోకి ఏ జంతువు ఎక్కుతుందన్నది మొదట్లో ఇంటి బయట ఏది తిరుగుతోందన్న దాన్ని బట్టే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. కథలకు కాళ్లుంటాయి, జంతువు రాలేని చోటికి కథ నడిచి వస్తుంది.

సింహం మన వైపు నడిచి వచ్చిన దారి చాలావరకు బౌద్ధానిది. బుద్ధుడికి శాక్యసింహుడని పేరు. ఆయన ధర్మబోధను సింహనాదం అన్నారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు సారనాథ్‌లో నిలబెట్టిన స్తంభం మీది నాలుగు సింహాలే ఇవాళ మన రూపాయి నోటు మీద ఉన్నవి. అమరావతి మహాచైత్యం దగ్గర కూర్చున్న సింహాలు చెక్కారు. ఆ శిల్పుల్లో నిజం సింహాన్ని చూసినవాళ్లు ఎందరుంటారు? ఆ జూలు ముంగురులు, ఆ కనుగుడ్లు చూస్తుంటే చాలామంది విని చెక్కారని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాతిది పల్నాటి కొండమోటు ఫలకం. దీన్ని క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిదిగా లెక్కిస్తారు. నరసింహుడి బొమ్మల్లో బాగా పాతవాటిలో ఇదొకటి. ఇందులో ఆయన మనకు తెలిసిన నరసింహుడిలా ఉండడు. సింహం తల, మనిషి ఒళ్లు కాదు. పూర్తిగా సింహమే, కూర్చుని ఉంటుంది. మెడ దగ్గర నుంచి రెండు మనిషి చేతులు మొలిచి గద, చక్రం పట్టుకుని ఉంటాయి. పక్కన అయిదుగురు వృష్ణి వీరులు, అంటే కృష్ణుడి వంశపు వీరులు. స్తంభం లేదు, హిరణ్యకశిపుడు లేడు, ప్రహ్లాదుడూ లేడు. అంటే మనం చిన్నప్పటి నుంచి విన్న కథ ఒక దారిన, దేవుడి రూపం ఇంకో దారిన వచ్చి ఎక్కడో కలిశాయన్నమాట. విష్ణుకుండినుల రాజముద్ర మీదా సింహమే. జనానికి సింహం తెలియకపోయినా రాజుకు తెలుసు, గుడికి తెలుసు. రాజు కూర్చునేది ‘సింహాసనం’ కదా. పులి మీద కూర్చునేవాడు మునో, శివుడో. అదీ పులిచర్మం మీద.

ఇలా సింహం లేని చోటికి సింహం రావడం మన ఒక్కరి సంగతే కాదు. సింహళ ద్వీపంలో చరిత్రకు తెలిసిన కాలంలో సింహాలు లేవు. అయినా మహావంశం ప్రకారం వాళ్ల మూలపురుషుడు విజయుడి తాత సాక్షాత్తు ఒక సింహం. సింగపూర్ అంటే సింహపురం. పాలెంబాంగ్ నుంచి వచ్చిన రాజకుమారుడికి అక్కడ ఏదో మృగం కనబడితే అది సింహమన్నారని మలయ్ గాథ. అక్కడి అడవిలో ఉన్నది పులి. చైనాలో గుమ్మాల ముందు కూర్చునే రాతి సింహాలు సరేసరి. క్రీ.శ. 87లో పార్థియా రాజు కానుకగా పంపిన సింహం హాన్ చక్రవర్తి దర్బారుకు చేరినట్టు వాళ్ల చరిత్రలో రాసి ఉంది. దర్బారులో కొందరు చూసుంటారు. దేశమంతా చెక్కింది మాత్రం ఊహనే. ఇందులో నాకు బాగా నచ్చింది హొయసళుల చిహ్నం. కథలో ఆ వంశానికి మూలపురుషుడైన సళుడు చంపింది పులిని. బేలూరు, హళేబీడుల్లో శిల్పి చెక్కింది జూలున్న సింహంలాంటి దాన్ని. కళ్లెదుట పులి తిరుగుతున్నా చేయి మాత్రం శాస్త్రంలోని సింహం వైపే పోయింది.

వాట్సాప్‌లో తిరిగే ఒక ఫార్వర్డ్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ‘జర్మనీలో దొరికిన వేల ఏళ్ల నాటి నరసింహుడు’ అంటూ ఒక దంతపు బొమ్మ ఫొటో వస్తుంటుంది. బొమ్మ నిజమే. 1939లో జర్మనీలోని ఒక గుహలో ముక్కలుగా దొరికింది. మామత్ దంతంతో చెక్కింది, ఎత్తు సుమారు 31 సెంటీమీటర్లు, వయసు దాదాపు 40,000 ఏళ్లు. ఇప్పుడు ఉల్మ్ మ్యూజియంలో ఉంది. మనిషి ఒంటికి సింహం తల ఉన్న మాటా నిజమే. కానీ ఆ సింహం అప్పట్లో యూరప్‌లో తిరిగి తర్వాత అంతరించిపోయిన గుహసింహం. దానికీ నరసింహుడికీ మధ్య ముప్పై వేల ఏళ్లకు పైగా ఖాళీ, మధ్యలో ఒక్క మెట్టు కూడా లేదు. మనిషికీ మృగానికీ ముడిపెట్టే ఊహ రెండు చోట్లా విడిగా పుట్టిందనడమే సబబు. నిజానికి దీంట్లోనే ఎక్కువ వింత ఉంది.

సరే, సింహం గుడిలోకి వచ్చింది. మరి అడవిలో పులితో బతికేవాళ్లు ఆ దేవుణ్ని ఏం చేసుకున్నారు? అల్లుణ్ని చేసుకున్నారు.

అహోబిలం ఉన్నది నల్లమలలో. ఇప్పటికీ పెద్దపులులు తిరిగే అడవి అది. హిరణ్యకశిపుణ్ని చీల్చాక కోపం చల్లారక అడవుల వెంట తిరుగుతున్న స్వామి చెంచు పిల్లను చూసి మనసు పారేసుకున్నాడనీ, ఆమె చేయి పట్టుకున్నాకే శాంతించాడనీ అక్కడి కథ. ఆమే చెంచులక్ష్మి. సంస్కృత పురాణంలో ఉగ్రం తగ్గించడానికి ప్రహ్లాదుడి స్తోత్రం కావాలి. శైవులు చెప్పే కథలో శివుడు సింహాన్ని మించిన మృగమైన శరభ రూపం ఎత్తి అణచాల్సి వస్తుంది. చెంచుల కథలో పెళ్లి సరిపోయింది. ఏటా సంక్రాంతి అప్పుడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ కొండ దిగి నెలకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. తన పెళ్లికి రమ్మని ఊరూరా పిలవడానికి స్వయంగా వస్తాడని చెప్పుకుంటారు. చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసి స్వాగతం చెబుతారు. రాయలసీమలో ఓబులేసు, ఓబులమ్మ అనే పేర్లన్నీ ఆయనవే. నరసింహుడు మొదట అడవి జనం దేవుడేనని, తర్వాత పురాణంలోకి ఎక్కాడని కొందరు పరిశోధకుల వాదన. కాదు, పురాణమే అడవిలోకి దిగిందని ఇంకొందరు అంటారు. కొండమోటు ఫలకం చూస్తే రాకపోకలు రెండు వైపులా జరిగాయనే నాకు తోస్తుంది.

క్రూరమృగంతో చుట్టరికం కలుపుకోవడం మిగతా చోట్లా ఉంది. సుందరబన్స్‌లో పులి రూపంలో వచ్చే దక్షిణరాయ్ అడవికి దొర. అతనికీ మనుషులకూ మధ్య ఒప్పందం కుదిర్చింది బోన్‌బీబీ. కథ ప్రకారం ఆమె తల్లిదండ్రులు అరబ్బు దేశంవాళ్లు. తేనె కోసం, కట్టెల కోసం అడవిలోకి వెళ్లేవాళ్లు హిందువులైనా ముస్లింలైనా ఆమెకు మొక్కే వెళతారు. ఆశకు పోకూడదు, అవసరానికి మించి తీసుకోకూడదు. తీసుకుంటే ఒప్పందం తప్పినట్టే. కొరియాలో కొండ దేవుడు పులిని పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. వాళ్ల ఆదిపురుషుడి కథలో ఎలుగుబంటి, పులి రెండూ మనిషి జన్మ కోసం గుహలో చేరి వెల్లుల్లి తింటూ దీక్ష పడతాయి. పులి తట్టుకోలేక మధ్యలోనే పారిపోతుంది, ఎలుగు ఆడమనిషై ఆ జాతికి తల్లి అవుతుంది. సింహమూ పులీ రెండూ లేని అమెరికా ఖండంలో ఆ చోటు జాగ్వార్‌ది. సూర్యుడు రాత్రిపూట పాతాళంలో జాగ్వార్‌గా తిరుగుతాడని మాయా జనం అనుకున్నారు. అజ్టెక్కుల లెక్కలో మొట్టమొదటి ప్రపంచం అంతమైంది జాగ్వార్ల నోట్లోనే.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. అమ్మవారి వాహనం సింహమా, పులా? దేవీమాహాత్మ్యం స్పష్టంగా చెబుతుంది, హిమవంతుడు ఇచ్చింది సింహాన్ని. క్యాలెండర్లో మాత్రం సగానికి సగం పులే. దీని వెనక చాలా పొడుగు కథ ఉంది. మెసొపొటేమియాలో ఇనన్నా, ఇష్తార్ అని పిలిచిన దేవతకు సింహం తోడు. అనటోలియా (ఇప్పటి టర్కీ) అమ్మ కిబెలెకు అటూ ఇటూ సింహాలు. యుద్ధ కష్టాల్లో ఉన్న రోమ్ క్రీ.పూ. 204లో ఆమె రాతిని ఓడలో తెప్పించుకుని గుడి కట్టింది. కుషాణుల నాణేల మీద ‘ననా’ అనే దేవత సింహం మీద కూర్చుని కనిపిస్తుంది. ఆమె మూలాలు మెసొపొటేమియావి, కుషాణుల ఏలుబడి మథుర దాకా. సింహం మీద కూర్చున్న దుర్గ రూపం మీద ఈ ననా నీడ పడి ఉండొచ్చని కళాచరిత్రకారులు అంటారు. మహిషుణ్ని చంపే కథ మాత్రం ఆ పడమటి దేవతలకు లేదు.

పులి ఎలా వచ్చిందంటే, ఒకటి మన అడవి. రెండోది భాష. ఫార్సీలో ‘షేర్’ అంటే సింహం, ‘బబ్ర్’ అంటే పులి. హిందీ, ఉర్దూల్లోకి వచ్చేసరికి షేర్ పులికీ చెల్లింది. సింహం అని విప్పి చెప్పాలంటే ‘బబ్బర్ షేర్’ అనాల్సి వచ్చింది. అంటే ఫార్సీ ప్రకారం ‘పులి సింహం’! అలాంటప్పుడు ‘షేరావాలీ’ అని పిలిచే అమ్మవారిని చిత్రకారుడు పులి మీద కూర్చోబెట్టాడంటే తప్పు ఎవరిది? జాతీయ జంతువు కూడా 1970ల మొదటి వరకు సింహమే, ఆ తర్వాత పులి అయింది. అమ్మవారు అంతకన్నా ముందే మార్చేసుకున్నారు.

హజ్రత్ అలీకి హైదర్ అని బిరుదు. అంటే సింహం. అసదుల్లా అన్నా దేవుడి సింహమే. మన దగ్గర పీర్ల పండక్కి కట్టేది మాత్రం పులి వేషం. పసుపు పూసి, నల్ల చారలు గీసి, డప్పు కొడుతుంటే ఎగిరేది పులి. అరేబియా సింహం ఇక్కడ దిగి చారలు వేయించుకుంది. హైదరాబాద్ పేరు ఆ హైదర్ నుంచే వచ్చిందన్న వివరణ తీసుకుంటే అదీ ఇంకో సింగపూరే.

ఇంతవరకూ దూరపు సింహానికి సింహాసనం, దగ్గరి పులికి చుట్టరికం అని ఒక లెక్క కుదిరింది. పిల్లి దగ్గరికి వచ్చేసరికి అది చెడిపోతుంది. మరీ దగ్గరిది పిల్లి. పొయ్యి పక్కనే పడుకుంటుంది. దానికి ఒక దేశంలో హారతి, ఒక దేశంలో అనుమానం.

ఈజిప్టులో సెఖ్మెత్ ఆడసింహం తల ఉన్న దేవత. మనుషుల మీద కోపంతో సూర్యదేవుడు రే తన కంటినే దేవతగా పంపిస్తాడు. ఆమె నరుకుతూ నెత్తురు మరిగి ఆగదు. చివరికి బీరులో ఎర్రమన్ను కలిపి పొలాల నిండా పోస్తే నెత్తురనుకుని తాగి, మత్తులో చల్లబడుతుంది. రోగాలు పంపేదీ ఆమే, నయం చేసేదీ ఆమే. ఆమె పూజారుల్లో వైద్యులు ఉండేవాళ్లు. పోచమ్మను ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. బస్తెత్ కూడా మొదట్లో ఆడసింహమే. ధాన్యపు గాదెల దగ్గర ఎలుకల్ని, పాముల్ని పట్టే పిల్లి ఇంట్లో మనిషైపోయాక, క్రీ.పూ. వెయ్యేళ్ల కాలంలో బస్తెత్ మెల్లగా పిల్లి తల దాల్చింది. ఉగ్రం సెఖ్మెత్‌కు మిగిలింది, శాంతం ఈమెకు వచ్చింది. బుబాస్తిస్‌లో ఆమె జాతరకు ఏడు లక్షల మంది వచ్చేవాళ్లని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంకె సంగతి ఎలా ఉన్నా, పడవల్లో పాటలు పాడుకుంటూ వెళ్లే ఆ వర్ణన మన జాతరలానే ఉంటుంది. ఇంట్లో పిల్లి చస్తే ఇంటిల్లిపాదీ కనుబొమలు గీయించుకునేవాళ్లట. క్రీ.పూ. 60 ప్రాంతంలో పిల్లిని పొరపాటున చంపిన ఒక రోమనుణ్ని జనం చంపేయడం తాను కళ్లారా చూశానని ఇంకో గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాసుకున్నాడు.

అలాగని ఈజిప్టు పిల్లులకు స్వర్గమనుకోవద్దు. గుడికి మొక్కుబడిగా ఇవ్వడానికి పిల్లుల్ని పెంచి, పిల్లలుగా ఉన్నప్పుడే మెడ విరిచి మమ్మీలు చేసి అమ్మేవాళ్లు. ఎక్స్‌రేల్లో విరిగిన మెడలు కనబడుతున్నాయి. బేని హసన్‌లో దొరికిన ఇలాంటి మమ్మీలను 1890లో సుమారు 19 టన్నులు లివర్‌పూల్‌కు తరలించి ఎరువుగా అమ్మేశారు. పర్షియన్లు డాళ్ల మీద పిల్లి బొమ్మలు వేసుకుని ఈజిప్టును గెలిచారన్న కథ కూడా బాగా తిరుగుతుంది. యుద్ధం క్రీ.పూ. 525లో జరిగింది. కథను రాసిన పోలియేనస్ క్రీ.శ. 2వ శతాబ్దంవాడు. ఆ యుద్ధభూమికి వెళ్లి ఎముకలు చూసొచ్చిన హెరొడోటస్ పిల్లుల ఊసే ఎత్తడు.

ఇలాంటిదే యూరప్ కథ. 1233లో పోప్ గ్రెగరీ పిల్లుల్ని చంపమన్నాడనీ, పిల్లులు పోయి ఎలుకలు పెరిగి ప్లేగు వచ్చిందనీ. ఆయన రాసిన లేఖ ఉంది. అది జర్మనీలో మతం తప్పినవారి గురించినది, వాళ్ల తంతులో ఒక నల్లపిల్లి వస్తుంది. చంపమన్న ఆజ్ఞ మాత్రం లేదు. పిల్లిని ముద్దు చేసే కైరో నగరాన్ని కూడా 1348లో ప్లేగు ఊడ్చేసింది కదా, మరి అక్కడెవరు చంపారు? పైగా పిల్లికీ ప్లేగు సోకుతుంది. నల్లపిల్లి మీద అనుమానం నిజం, దాన్ని మంత్రగత్తెలతో ముడిపెట్టి హింసించడం నిజం. బెల్జియంలోని ఈప్ర్ ఊళ్లో 1817 దాకా బతికున్న పిల్లుల్ని గోపురం మీంచి విసిరేవాళ్లు. ఇప్పుడు గుడ్డ పిల్లుల్ని విసిరి పండగ చేసుకుంటున్నారు.

ఇస్లాంలో పిల్లి ఎంగిలి చేసిన నీటితో వజూ, అంటే నమాజుకు ముందు శుభ్రపడటం, చేసుకోవచ్చు. అది మీ చుట్టూ తిరిగేవాళ్లలో ఒకటి అని ప్రవక్త మాటగా హదీసు ఉంది. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన ఆడమనిషికి నరకమనీ ఉంది. ఎన్నో హదీసులు చెప్పిన అబూ హురైరా పేరుకు అర్థమే ‘పిల్లికూన నాన్న’. నిద్రపోతున్న పిల్లి లేవకుండా ప్రవక్త అంగీ చేయి కత్తిరించుకున్న ముయెజ్జా కథ మాత్రం హదీసు గ్రంథాల్లో లేదు. ప్రేమకొద్దీ తర్వాత అల్లుకున్నది.

మన దగ్గర పిల్లికి రెండు ముఖాలు. ఎదురొస్తే కాసేపు ఆగి వెళ్లడం ఒకటి. రెండోది శ్రీవైష్ణవుల ఇళ్లలో వినబడేది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయనక్కర్లేదు, తల్లే మెడ దగ్గర కరుచుకుని తీసుకెళుతుంది, అది మార్జాలకిశోర న్యాయం. భగవంతుణ్ని చేరడానికి మన ప్రయత్నం ఎంత కావాలన్న దాని మీద శ్రీవైష్ణవుల్లోని రెండు శాఖల్లో వడగలై కోతి వైపు, తెంగలై పిల్లి వైపు. శతాబ్దాల వాదాన్ని రెండు జంతువుల్లో చెప్పేశారు. తల్లిపిల్లి పోలికలో దేవుడు ఉన్నాడు కదా, అంత పెద్దపీట దానికి ఇంకెక్కడా దొరకలేదేమో.

బెంగాల్లో పిల్లలను కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లి. అక్కడి వ్రతకథలో ఒక ఇంటి కోడలు దొంగతనంగా తిని పిల్లి మీద నెపం వేస్తుంది. పడి పడి దెబ్బలు తిన్న పిల్లి వెళ్లి దేవితో మొరపెట్టుకుంటుంది. కోడలికి పుట్టిన బిడ్డలు ఒక్కొక్కరే మాయమవుతారు. కోడలు తప్పు ఒప్పుకుని పిల్లికి మొక్కాక గాని బిడ్డలు ఇంటికి రారు.

ఇక దొంగ జపం చేసే పిల్లి. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు శకుని కొడుకు ఉలూకుడితో పాండవులకు పంపే కబురులో ఈ కథ ఉంది. గంగ ఒడ్డున చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని నమ్మి ఎలుకలు దగ్గర చేరతాయి, రోజుకిన్ని తగ్గిపోతుంటాయి. మనుస్మృతి కపట భక్తుణ్ని ‘బైడాలవ్రతికుడు’, అంటే పిల్లి వ్రతం పట్టినవాడు అంటుంది. దీని బొమ్మ చూడాలంటే మహాబలిపురం వెళ్లాలి. అర్జున తపస్సు అనీ, భగీరథుడి తపస్సు అనీ పిలిచే ఆ పెద్ద బండ మీద, పైన ఒంటికాలి మీద చేతులెత్తి నిలబడ్డ మునిని చూశాక, కిందికి వచ్చి ఏనుగు పాదాల దగ్గర వెతకండి. డొక్కలు లెక్కపెట్టేంత సన్నగా, వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు పైకెత్తి, మునికి ఏమాత్రం తీసిపోకుండా ఒక పిల్లి ఉంటుంది. పక్కనే ఒక ఎలుక చేతులు జోడించి ఉంటుంది. అదే బండ మీద సింహాలు కూడా ఉన్నాయి. ఆ కాలపు పల్లవ రాజు పేరు నరసింహవర్మ. జనం ఆగి చూసేది, పిల్లలకు వేలు పెట్టి చూపించేది మాత్రం పిల్లినే.